గెలిపించిన ఓటర్లకే మధ్యలో దించే హక్కు ఉండాలా?

ఓటరు 312

సూటిగా అడుగుతున్నా. శాసనసభ్యుడు ఒకసారి గెలిచాడంటే పదవీకాలం మొత్తం ఆయనదే. ఆ మధ్యలో సభ ముఖం చూడకపోయినా, లంచం కేసులో దొరికిపోయినా, ఎవరిని ఓడించడానికి ఓటేశామో వాళ్ల పార్టీలోకే దూకినా, వచ్చే ఎన్నికల దాకా పళ్లు నూరుకుంటూ కూర్చోవడం తప్ప ఓటరు చేయగలిగింది దాదాపు లేదు. ఓటర్లలో ఇంత శాతం మంది సంతకాలు పెడితే ఆ సీటుకు మళ్లీ ఓటింగ్ జరగాలనే రూలు, అంటే రీకాల్, ఎందుకు ఉండకూడదు?

ఇదేమీ నిన్న పుట్టిన కోరిక కాదు. అమెరికాలో లాస్ ఏంజెలిస్ నగరం 1903లోనే తన చార్టర్‌లో, అంటే నగర పాలన మూల చట్టంలో, రీకాల్ పెట్టుకుంది. 1908లో ఒరెగన్ రాష్ట్రం మొత్తానికీ వచ్చింది. తైవాన్‌లో అది రాజ్యాంగమే ఇచ్చిన హక్కు. లోక్‌సభలో 1974లో సి.కె. చంద్రప్పన్ దీనికోసం రాజ్యాంగ సవరణ బిల్లు పెడితే వాజ్‌పేయి మద్దతు పలికారు. బిల్లు మాత్రం నెగ్గలేదు. నెగ్గుతుందనుకోవడం కూడా అత్యాశే లెండి, తమ కుర్చీకే ఎసరు పెట్టుకునే సభ్యులు ఎంతమంది ఉంటారు?

ఉద్యోగంలో పెట్టుకున్నవాడికి తీసేసే అధికారం కూడా ఉంటుంది. ఇక్కడ మాత్రం పెట్టుకునే అధికారమే మనది. దీన్ని ఎవరైనా సమర్థించగలరా?

నిలకడ

నేను సమర్థిస్తా.

312 గారూ, ఆ ఉద్యోగి పోలిక దగ్గరే నాకు పేచీ. ఉద్యోగికి యజమాని ఒక్కడు. శాసనసభ్యుడికి లక్షల మంది, అందులో చాలామంది మొదటి రోజే ఆయన వద్దన్నవాళ్లు. త్రిముఖ పోటీలో గెలిచినవాడికి నలభై శాతం ఓట్లు వచ్చాయనుకోండి. వేరేవాళ్లకు ఓటేసిన అరవై శాతం అక్కడే ఉంటారు. అందులోంచి ఇరవై శాతం సంతకాలు పోగేయడం ఎంతసేపు? ఆయన ఏ తప్పూ చేయనక్కర్లేదు, గెలవడమే తప్పయిపోతుంది.

ఒక కేసు చెప్తా. జాష్ న్యూమన్ 2016లో కాలిఫోర్నియా సెనేట్‌కు చాలా స్వల్ప తేడాతో గెలిచాడు. మరుసటి ఏడాది రోడ్ల మరమ్మతుల కోసం పెట్రోలు పన్ను పెంచే బిల్లు వచ్చింది. ఆయన పార్టీ వాళ్లు దాదాపు అందరూ దానికి ఓటేశారు, ఆయనా వేశాడు. రీకాల్ మాత్రం ఆయన ఒక్కడి మీదే వచ్చింది. ఎందుకు? అందరికంటే కదిలించడానికి వీలున్న సీటు ఆయనది. అది పడితే సభలో ఆయన పార్టీ డెమోక్రాట్ల మూడింట రెండొంతుల బలం పోతుంది. 2018 జూన్‌లో దించేశారు. ఆ కుర్చీలో వచ్చి కూర్చున్నది ఎవరో తెలుసా? 2016లో ఆయన చేతిలో ఓడిపోయిన అభ్యర్థే.

ఇంకా తమాషా ఏమిటంటే, ఆ పన్నునే రద్దు చేద్దామా అని అదే ఏడాది నవంబర్‌లో రాష్ట్రమంతా ఓటింగ్ పెడితే జనం వద్దన్నారు. పన్ను మిగిలింది, దానికి ఓటేసిన మనిషి పోయాడు.

సిరాచుక్క

నిలకడ గారు కథ సగంలో ఆపేశారు. అదే న్యూమన్ 2020లో మళ్లీ పోటీచేసి, తన స్థానంలో వచ్చినావిడనే ఓడించి సీటు తెచ్చుకున్నాడు. ఓటర్లు దించారు, ఓటర్లే తెచ్చుకున్నారు. ఇందులో ప్రజాస్వామ్యానికి వచ్చిన నష్టం ఏమిటో నాకు అర్థం కాలేదు.

పన్ను మీద కోపం వస్తే దించకూడదా? లంచం మీద కోపం అయితేనే పనికొస్తుందా? ఓటరు కోపం ఏది సరైనదో ఏది కాదో సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరు? సాధారణ ఎన్నికల్లో ఎవరినైనా ఏ కారణానికైనా ఓడిస్తాం, ఎవరికీ సంజాయిషీ ఇవ్వం. రెండేళ్ల ముందు అదే పని చేస్తే మాత్రం కారణం రాసివ్వాలట!

నిలకడ

రెండేళ్ల ముందు అన్నదే తేడా అండి. సాధారణ ఎన్నికకు అందరూ వస్తారు. రీకాల్‌కు కోపం ఉన్నవాళ్లే వస్తారు. 2013లో కొలరాడోలో తుపాకుల కొనుగోలు మీద ఆంక్షలు పెట్టే చట్టాలకు ఓటేశారని ఇద్దరు రాష్ట్ర సెనేటర్లను దించారు. అందులో ఒకరు సాక్షాత్తూ సెనేట్ అధ్యక్షుడు జాన్ మోర్స్. ఆయన విషయంలో తేడా కొన్ని వందల ఓట్లు. వచ్చి ఓటేసినవాళ్లు మామూలు ఎన్నికల కంటే బాగా తక్కువ.

ఇవి చూసిన మిగతా సభ్యులు ఏం నేర్చుకుంటారు? కష్టమైన బిల్లు వస్తే ఆ రోజు జ్వరం తెచ్చుకోవాలని నేర్చుకుంటారు. ఏ నిర్ణయమైనా దాని ఫలితం కనబడటానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, దాని నొప్పి మొదటి నెలలోనే తెలుస్తుంది. పదవీకాలం అనేది పెట్టిందే ఆ మధ్య కాలం కోసం.

చట్టాలపిచ్చి

ఇద్దరూ అమెరికా పద్ధతి పట్టుకుని వాదించుకుంటున్నారు. ఏ కారణానికైనా రీకాల్ అనేది ఒక రకం మాత్రమే. బ్రిటన్ 2015లో చేసిన చట్టం వేరే రకం, ఒకసారి చూడండి.

అక్కడ ఓటరు తనంతట తాను పిటిషన్ మొదలుపెట్టలేడు. మూడింటిలో ఏదో ఒకటి జరగాలి. ఎంపీకి జైలు శిక్ష పడాలి, లేదా సభ ఆయన్ను కనీసం పది పనిదినాలు సస్పెండ్ చేయాలి, లేదా భత్యాల విషయంలో తప్పుడు లెక్కలిచ్చి కోర్టులో దోషిగా తేలాలి. అప్పుడు నియోజకవర్గంలో ఆరు వారాలు పిటిషన్ తెరిచి ఉంచుతారు. ఓటర్లలో పది శాతం సంతకం పెడితే సీటు ఖాళీ. తర్వాత ఉప ఎన్నిక. దిగిపోయిన ఎంపీ కూడా అందులో నిలబడొచ్చు, అదే నాకు బాగా నచ్చిన సంగతి.

క్రిస్ డేవిస్ అని ఒకాయన నిలబడ్డాడు కూడా. ఆఫీసులో పెట్టుకునే ఫొటోల ఖర్చు 700 పౌండ్లకు తప్పుడు బిల్లులు పెట్టి దొరికాడు. 19 శాతం మంది సంతకం పెట్టారు. పార్టీ మళ్లీ టికెట్ ఇచ్చింది. 2019 ఆగస్టులో 1,425 ఓట్లతో ఓడిపోయాడు. అదే ఏడాది పీటర్‌బరోలో ఫియోనా ఒనసాన్యా అయితే స్పీడింగ్ కేసులో అబద్ధం చెప్పి జైలుకెళ్లారు. అక్కడ పది శాతం చాలనుకుంటే 27 దాటింది.

నిలకడ గారి భయం ఇందులో చాలావరకు పోతుంది. బిల్లుకు ఓటేశాడని ఎవరినీ దించలేరు.

సిరాచుక్క

పోతుంది, దానితోపాటు హక్కూ పోతుంది. సస్పెండ్ చేసేది ఎవరు? సభ. అంటే తోటి ఎంపీలు. మెజారిటీ వాళ్ల చేతుల్లో తాళం పెట్టి, తలుపు మాత్రం ఓటర్లదే అంటే ఎలా?

చట్టాలపిచ్చి

ఆ మాట కొట్టిపారేయలేను. 2018లో నార్త్ ఆంట్రిమ్ ఎంపీ ఇయాన్ పైస్లీ జూనియర్ మీద వచ్చిన పిటిషన్ చూస్తే ఇంకో కన్నం కూడా కనబడుతుంది. శ్రీలంక ప్రభుత్వ ఖర్చుతో కుటుంబంతో విహారయాత్రలు చేసి, ఆ సంగతి సభకు చెప్పకుండా ఆ ప్రభుత్వం తరఫున మాట్లాడాడని 30 పనిదినాలు సస్పెండ్ చేశారు. ఆ చట్టం కింద వచ్చిన మొట్టమొదటి పిటిషన్ అది. కావలసినవి 7,543 సంతకాలు. వచ్చినవి 7,099. కేవలం 444 తక్కువై గట్టెక్కాడు.

చట్టం ప్రకారం సంతకాల కేంద్రాలు పది దాకా పెట్టొచ్చు. పెట్టింది మూడు. అంత పెద్ద నియోజకవర్గానికి మూడు! మరో నాలుగు పెట్టి ఉంటే ఏమయ్యేదో ఎవరి ఊహ వాళ్లది. కొసమెరుపు ఏమిటంటే 2024 సాధారణ ఎన్నికల్లో అదే సీటులో 450 ఓట్లతో ఓడిపోయాడు.

వెనక బెంచీ

మీరందరూ సీరియస్‌గా ఉన్నారు, కెనడా నుంచి రెండు కథలు చెప్పి పోతా.

ఒకటి. 1935లో ఆల్బర్టాలో విలియం అబెర్‌హార్ట్ పార్టీ గెలిచింది. పౌరులకు నెలకు 25 డాలర్లు పంచుతామన్నది ఆయన పెద్ద హామీ. 1936లో ఎంతో గొప్పగా రీకాల్ చట్టం చేశారు. డబ్బులు రాలేదు. సొంత నియోజకవర్గంలో ఓటర్లు ఆ చట్టం తీసి ఆయన మీదే సంతకాలు మొదలుపెట్టారు. 1937లో ప్రభుత్వం చట్టాన్నే రద్దు చేసి పారేసింది, అదీ ఆ పిటిషన్ చెల్లకుండా పోయేలా వెనకటి తేదీ నుంచి.

రెండు. బ్రిటిష్ కొలంబియాలో 1995 నుంచి రీకాల్ చట్టం ఉంది. నియోజకవర్గం ఓటర్లలో 40 శాతం సంతకాలు 60 రోజుల్లో తేవాలి. ఎవరు తేగలరు? పాల్ రైట్స్‌మా అనే సభ్యుడి మీద మాత్రం 1998లో తెచ్చారు. ఆయన చేసిన ఘనకార్యం ఏమిటంటే, దొంగపేరుతో పత్రికలకు ఉత్తరాలు రాయడం. వాటి నిండా తన పొగడ్తలే, ప్రత్యర్థుల మీద తిట్లే. స్థానిక పత్రిక ఒకటి చేతిరాత నిపుణుడితో పోల్చి చూపించి పట్టేసింది. సంతకాల పరిశీలన జరుగుతుండగానే రాజీనామా చేశాడు. ఆ చట్టం కింద లాంఛనంగా ఒక్క సభ్యుణ్ణి కూడా దించలేదు, అయినా ఆయన పోయాడు.

నా ఉద్దేశం, అంత ఎత్తు గోడ కూడా పనికిరాకుండా పోదు. ఊరంతా ఒక్కమాట మీదకు వచ్చిన రోజున దాటుతారు.

ఓటరు 312

వెనక బెంచీ గారి రెండో కథ నా వాదనకే బలం. హద్దు ఎంత ఎత్తులో పెట్టాలన్నది బేరమాడుకోవచ్చు, హక్కే వద్దనడానికి అది కారణం కాదు. గెలిచిన మొదటి ఏడాది రీకాల్ లేకుండా చేయండి, తైవాన్‌లో అలాగే ఉంది. పిటిషన్ ఓడిపోతే మళ్లీ వేయడానికి లేకుండా చేయండి.

నిలకడ

తైవాన్ మీరే తెచ్చారు కాబట్టి అడుగుతున్నా, 2025లో అక్కడ జరిగింది చూశారా? జులై 26న ఒకే రోజు 24 మంది ప్రతిపక్ష సభ్యుల మీద రీకాల్ ఓటింగ్. ఆగస్టు 23న మరో ఏడుగురి మీద. మొత్తం 31 మంది, అందరూ ఒకే పార్టీ. ఒక్కరు కూడా దిగలేదు. అంటే 31 నియోజకవర్గాల ఓటర్లకు విడివిడిగా తమ సభ్యుడి మీద విరక్తి పుట్టిందంటారా? సభలో మెజారిటీ లెక్క మార్చడానికి జరిగిన రెండో ఎన్నిక అది. నెలల తరబడి దేశమంతా అదే గోల.

పెరూ ఇంకో పాఠం. స్థానిక సంస్థల్లో 1997 నుంచి వేల మంది మేయర్ల, కౌన్సిలర్ల మీద రీకాల్ ఓటింగులు జరిగాయి. చాలాచోట్ల సంతకాలు పోగేసింది క్రితం ఎన్నికల్లో ఓడినవాళ్లే. ఎందుకు పోగేయరు? తగినంత మందిని దించగలిగితే కొత్త ఎన్నిక వస్తుంది, అందులో తాము నిలబడొచ్చు. చివరికి 2015లో చట్టం మార్చి ఆ కొత్త ఎన్నిక తీసేశారు, దించినవాళ్ల స్థానంలో వాళ్ల జాబితాలో తర్వాతి పేర్లే వస్తాయి.

నాకు తోచిన మాట ఇది: సంతకాలు పోగేసేవాడికి ఆ ఖాళీ వల్ల లాభం ఉన్నంతకాలం రీకాల్ అంటే ఓడినవాడికి రెండో ఛాన్స్. కాలిఫోర్నియాలో 2003లో గవర్నర్ గ్రే డేవిస్ మీద సంతకాల ఖర్చు ప్రధానంగా భరించినాయన తానే గవర్నర్ కావాలని బయల్దేరినవాడే. ఆఖరికి ఆయన తప్పుకున్నాడు, సినిమా హీరో ష్వార్జ్‌నెగర్ ఎక్కాడు. అభ్యర్థులు 135 మంది! దించాలా వద్దా అన్నది మొదటి ప్రశ్న, దించితే ఎవరు అన్నది అదే బ్యాలెట్ మీద రెండోది. మొదటి దానిలో ఉన్న మనిషికి 49 శాతం వచ్చినా ఇంటికే. రెండో దానిలో 20 శాతం వచ్చినవాడికైనా పీఠం దక్కొచ్చు. ష్వార్జ్‌నెగర్‌కు 48 శాతం దాటి వచ్చాయి కాబట్టి పరువు దక్కింది. 2021లో గవర్నర్ న్యూసమ్ మీద మళ్లీ అదే తంతు, సుమారు 20 కోట్ల డాలర్ల ఖర్చు. 62 శాతం మంది ఉంచమన్నారు.

సిరాచుక్క

ఖర్చు వాదన నాకు ఎక్కదు. ఎన్నికలే ఖర్చు. అయితే ఆ రెండు ప్రశ్నల బ్యాలెట్ చెత్త అని ఒప్పుకుంటా. ముందు దించడం, తర్వాత విడిగా ఉప ఎన్నిక, అందులో పాత మనిషి కూడా నిలబడటం, ఇదే మర్యాద.

గుర్తు తెలియని వేలిముద్ర

ఇంతసేపూ శాతాలు, ఖర్చులు మాట్లాడారు. సంతకం పెట్టే మనిషి గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

ఓటు రహస్యం. సంతకం రహస్యం కాదు. బూత్‌లోకి వెళ్లినవాడు ఎవరికి నొక్కాడో ఎవరికీ తెలియదు. రీకాల్ పిటిషన్ మీద మాత్రం ఒక్కటే అర్థం ఉంటుంది: 'ఈయన మాకొద్దు.' బ్రిటన్‌లో సంతకం చేసినవాళ్ల జాబితా బయటపెట్టరు, బాగానే ఉంది. కానీ ఆ కేంద్రంలోకి అడుగుపెట్టడమే ప్రకటన కదా! లోపల 'ఉంచండి' అని పెట్టే గడి లేదు. గుమ్మం దగ్గర ఆయన మనిషి ఒకడు ఊరికే కుర్చీ వేసుక్కూర్చుంటే చాలు. ఇంకేం చేయనక్కర్లేదు.

ఇది ఊహ కాదు. వెనెజువెలా రాజ్యాంగం ప్రకారం ఎన్నికైన ఏ పదవికైనా సగం కాలం గడిచాక 20 శాతం సంతకాలతో రీకాల్ పెట్టొచ్చు. అధ్యక్షుడు చావెజ్ మీద సంతకాలు పెట్టినవాళ్ల పేర్లను 2004లో లూయిస్ తాస్కోన్ అనే అధికార పక్ష సభ్యుడు ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. గుర్తింపు కార్డు నంబరు కొడితే మనిషి సంతకం పెట్టాడో లేదో తేలిపోతుంది. ప్రభుత్వ ఉద్యోగాలు పోయినవాళ్లు ఉన్నారు, రావలసిన ఉద్యోగం రానివాళ్లు ఉన్నారు. 'తాస్కోన్ జాబితా' అనే పేరే స్థిరపడిపోయింది. ఆ ఆగస్టులో జరిగిన ఓటింగ్‌లో చావెజ్ 59 శాతంతో నెగ్గాడు. జాబితా మాత్రం మిగిలిపోయింది.

అమెరికాలోనే విస్కాన్సిన్‌లో 2012లో గవర్నర్ స్కాట్ వాకర్ మీద వచ్చిన సంతకాల కాగితాలన్నీ స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. ఏ జడ్జి సంతకం పెట్టాడు, ఏ విలేకరి పెట్టాడు అని వెతుకులాట మొదలైంది.

కలిగినవాడు సంతకం పెట్టి దర్జాగా తిరుగుతాడు. పెన్షన్‌కో ఇంటి పట్టాకో ఆ సభ్యుడి ఆఫీసు మెట్లే ఎక్కాల్సినవాడు పెట్టగలడా? అంటే ఈ హక్కు ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే దీన్ని వాడుకోలేరు.

ఓటరు 312

ఇది గట్టి దెబ్బ. దీనికి శాతాలు మార్చడం జవాబు కాదు.

అయితే సంతకమే లేకుండా రీకాల్ చేయలేమా? బ్రిటన్‌లోలాగా ఏదో ఒక సంఘటన జరిగితే నేరుగా రహస్య ఓటింగ్‌కు వెళ్లిపోవడం. మధ్యలో పిటిషన్ వద్దు, గుమ్మం దగ్గర కుర్చీ వద్దు.

చట్టాలపిచ్చి

ఆ రహస్య ఓటింగ్ నమూనా మన దేశంలోనే ఉంది. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ పట్టణ సంస్థల అధ్యక్షుల కోసం. రెండు గుర్తుల మధ్యే పోటీ: ఖాళీ కుర్చీ, నిండు కుర్చీ. దిగిపోవాలంటే ఖాళీ కుర్చీకి, ఉండాలంటే మనిషి కూర్చున్న కుర్చీకి. చదువు రానివాడికి కూడా ప్రశ్న ఏమిటో క్షణంలో అర్థమవుతుంది. ఇంత చక్కటి బ్యాలెట్ నేనింకెక్కడా చూడలేదు. ఛత్తీస్‌గఢ్‌లో 2008లో ముగ్గురు స్థానిక సంస్థల అధినేతలను ఇలాగే దించారు.

మెలిక ఎక్కడంటే, మొదలుపెట్టేది ఓటర్లు కాదు. ఎన్నికైన కౌన్సిలర్లలో నాలుగింట మూడొంతుల మంది సంతకం చేయాలి. అధ్యక్షుడు కౌన్సిలర్లతో రాజీపడి పంచుకు తింటుంటే ఖాళీ కుర్చీ బ్యాలెట్ మీదికే రాదు. నిజాయతీగా ఉండి వాళ్లకు కాంట్రాక్టులు దక్కనివ్వకపోతే వెంటనే వస్తుంది.

ఓటరు 312

కాబట్టి మొదలుపెట్టే మీట సంతకాల చేతిలోనూ వద్దు, తోటి సభ్యుల చేతిలోనూ వద్దు. అందరికీ కనబడే ఒక సంఘటన చేతిలో పెడదాం. నా దృష్టిలో అలాంటి సంఘటన ఒకటుంది: పార్టీ మారడం.

ఒక గుర్తు మీద గెలిచి, ఆ పదవిలో ఉండగానే వేరే పార్టీ కండువా కప్పుకుంటే, ఇన్ని రోజుల్లో ఆ నియోజకవర్గంలో ఖాళీ కుర్చీ, నిండు కుర్చీ ఓటింగ్ జరగాలి. ఎవరూ ఫిర్యాదు చేయనక్కర్లేదు. 'అభివృద్ధి కోసమే మారాను, నా జనం నాతోనే ఉన్నారు' అంటాడు కదా, ఆ జనాన్నే అడుగుదాం.

ఇప్పుడున్న దారి చూడండి. 1985లో 52వ సవరణతో ఫిరాయింపుల చట్టం వచ్చింది, తీర్పు చెప్పాల్సింది స్పీకర్. ఎప్పటిలోగా చెప్పాలో చట్టంలో లేదు. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో గెలిచిన పది మంది ఎమ్మెల్యేల మీద ఫిరాయింపు ఫిర్యాదులు వస్తే, మూడు నెలల్లో తేల్చండని సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పింది 2025 జులై 31న. పదవీకాలంలో మూడో వంతు అప్పటికే అయిపోయింది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇదే వరస, నేను ఎవరి తరఫునా మాట్లాడటం లేదు.

నిలకడ

ఇంత ఇరుకు చేశాక నాకు చాలావరకు అభ్యంతరం లేదు. పెట్రోలు పన్నుకు ఓటేసినవాడు ఇందులో ఇరుక్కోడు.

కానీ ఒక చోట ఆగండి. ఇప్పటి చట్టంలో రెండు నేరాలున్నాయి. ఒకటి, పార్టీని తనంతట తాను వదిలేయడం. రెండు, విప్, అంటే ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చిన ఆదేశం, ధిక్కరించి ఓటేయడం. మీరు మీట నొక్కుతున్నది మొదటి దానికేనా, రెండో దానికి కూడానా? రెండో దానికి కూడా అయితే నేను ఒప్పుకోను. మనస్సాక్షి కోసం ఒక్క బిల్లు మీద పార్టీకి ఎదురుతిరిగిన సభ్యుణ్ణి బెదిరించడానికి పార్టీ అధినేతకు ఇంకో కర్ర ఇచ్చినట్టే. అలాంటివాడు ఇప్పటికే సీటు పోగొట్టుకుంటున్నాడు.

సిరాచుక్క

మొదటి దానికే అనుకుందాం. నిజానికి విప్ ధిక్కరించినవాడికి కూడా ఈ పద్ధతే మేలు చేస్తుంది. ఇప్పుడైతే స్పీకర్ ఒక్క కలం పోటుతో అనర్హుణ్ణి చేస్తాడు, ఓటర్ల ఇష్టం ఏమిటో ఎవరూ అడగరు. నిండు కుర్చీకి ఓటేసి ఆయన్ను నిలబెట్టుకునే అవకాశం మాకు ఎందుకు ఇవ్వరు?

నిలకడ

ఇది నేను ఆలోచించని కోణం. రీకాల్‌ను దించడానికే అని చూస్తున్నాం ఇంతసేపూ.

సరే, విలీనం సంగతి? మూడింట రెండొంతుల మంది శాసనసభ్యులు కలిసి వేరే పార్టీలో విలీనానికి ఒప్పుకుంటే అది ఫిరాయింపు కాదని అదే చట్టం అంటుంది. నీ రూలు వస్తే చిల్లరగా ఎవరూ మారరు 312 గారూ, టోకుగా మారతారు.

వెనక బెంచీ

'నీ రూలు', 'గారూ' రెండూ ఒకే వాక్యంలో! నిలకడ గారు కరుగుతున్నారు.

ఓటరు 312

టోకుగా మారితే టోకుగా ఓటింగ్. ఒకడు మారితే ద్రోహం, పది మంది కలిసి మారితే విలీనం అన్న లెక్కను ఓటరు ఎందుకు ఒప్పుకోవాలి? నా నియోజకవర్గంలో నేను ఓటేసింది ఒక్కడికి. మిగతా తొమ్మిది మంది ఆయనతో వెళ్లారా లేదా అన్నది నాకెందుకు?

గుర్తు తెలియని వేలిముద్ర

సంతకం లేకపోతే నాకు పేచీ లేదు. ఒక్కటే షరతు, లెక్కింపు బూత్‌లవారీగా బయటపెట్టకండి. ఏ వాడ ఖాళీ కుర్చీకి వేసిందో తెలిస్తే మళ్లీ మొదటికే వస్తుంది, ఎందుకంటే నిండు కుర్చీ గెలిస్తే ఆయన ఇంకా రెండు మూడేళ్లు అక్కడే ఉంటాడు. నియోజకవర్గం పెట్టెలన్నీ కలిపి ఒకేసారి లెక్కించండి.

చట్టాలపిచ్చి

అన్నీ ఒప్పుకున్నా ఒక తలుపు తెరిచే ఉంటుంది. నియోజకవర్గం లేని సభ్యులను ఏం చేస్తారు? తైవాన్‌లో పార్టీ జాబితా మీద వచ్చిన సభ్యులకు రీకాల్ వర్తించదు. కావోష్యుంగ్ మేయర్ హాన్ కువో-యూను 2020లో 9 లక్షల 39 వేల ఓట్లతో దించారు. నాలుగేళ్లు తిరక్కుండా పార్టీ జాబితాలో పేరు పెట్టించుకుని పార్లమెంటుకు వచ్చాడు, 2024 ఫిబ్రవరిలో స్పీకర్ కూడా అయ్యాడు. ఇక్కడ రాజ్యసభ, శాసనమండలి ఉన్నాయి. ఎమ్మెల్యేల ఓట్లతో గెలిచి పార్టీ మారినవాడి కోసం ఖాళీ కుర్చీ బ్యాలెట్ ఎవరికి పంచుతారు, 312 గారూ?

ఓటరు 312

ఎవరు గెలిపించారో వాళ్లకే, అంటే ఆ ఎమ్మెల్యేలకే. రహస్య బ్యాలెట్‌తో. ఆ ఎమ్మెల్యేల్లో సగం మంది అప్పటికే పార్టీ మారి ఉంటే మాత్రం, ముందు వాళ్ల కుర్చీల సంగతి తేల్చాకే ఆయన వంతు.